వత్తి చౌకే, అద్దమే ఖరీదు: మొక్కల పదార్థాలతో ఉప్పునీటి శుద్ధి

ఇస్కపల్లి, బింగినపల్లి, చిన్నగంజాం ఉప్పు కొఠారుల్లో ఎండ చేసే పని ఏటా ఒకటే. సముద్రపు నీటిని ఆవిరి చేసి ఉప్పును మడిలో వదిలేస్తుంది. ఉప్పు బస్తాల్లోకి ఎక్కుతుంది, ఆవిరి గాలికి పోతుంది. అదే తీరంలో తాగే నీటికి ఇంటింటా క్యాన్లు కొంటారు. ఏప్రిల్ దాటితే ట్యాంకరు వచ్చే వేళకు బిందెలు వరస కడతాయి. ఉప్పునీటిని ఎండకు ఆవిరి చేయడం ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరానికి ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. తేలాల్సింది ఒక్కటే. గాలికి పోయే ఆ ఆవిరిని పట్టి, భరించగలిగే ఖర్చులో మళ్లీ నీళ్లుగా బిందెలోకి దించడం ఎలా?

ఈ విషయంలో పదేళ్లుగా ప్రయోగశాలల నుంచి ఒకే రకం వార్త మళ్లీ మళ్లీ వస్తోంది. కాల్చిన చెక్కముక్క, ఎండిన పుట్టగొడుగు, మొక్కజొన్న కండె, బీరపీచు, అరటి తొక్క, ఏదో ఒకటి నల్లగా మాడ్చి నీటిపై తేలనిస్తే నీరు రెండు మూడింతల వేగంతో ఆవిరవుతుందని, పేద దేశాల దాహం తీరే రోజు దగ్గరపడిందని. మొదటి మాట నిజం. రెండో మాట దగ్గరే ఆగి లెక్క చూసుకోవాలి. మొక్కల పదార్థాలు ఈ యంత్రంలో చౌక చేసింది మొదటి నుంచీ చౌకగా ఉన్న భాగాన్నే. ఖరీదైన భాగాల జోలికి అవి పెద్దగా పోలేదు.

పైపొరకే వేడి

ఎండతో నీటిని ఆవిరి పట్టే అద్దం పెట్టె (సోలార్ స్టిల్) పాత వస్తువే. 1872లో చిలీ ఎడారిలోని లాస్ సాలినాస్‌లో చార్లెస్ విల్సన్ అనే ఇంజినీరు సుమారు 4,700 చదరపు మీటర్ల మేర తొట్లు కట్టి, పైన వాలుగా అద్దాలు పరిచి, గని అవసరాలకు రోజుకు 20 వేల లీటర్లకు పైగా మంచినీరు తీశాడు. చదరపు మీటరుకు నాలుగు లీటర్ల పైచిలుకు అన్నమాట. మన దేశంలో భావనగర్‌లోని కేంద్రీయ ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ 1978లో గుజరాత్‌లోని అవానియా గ్రామంలో రోజుకు 5,000 లీటర్ల సామర్థ్యంతో ఇలాంటిదే కట్టింది. ఇన్నేళ్లలో అద్దం పెట్టె దిగుబడి పెద్దగా పెరగలేదు. మామూలు తొట్టికి రోజుకు చదరపు మీటరుకు రెండు నుంచి నాలుగు లీటర్లు, శ్రద్ధగా కట్టినదానికి మంచి ఎండలో ఇంకాస్త.

ఇంత తక్కువ రావడానికి ఒక ముఖ్య కారణం నీటి లోతు. తొట్టిలో నాలుగు వేళ్ల లోతు నీరుంటే ఎండ ముందు ఆ నీటినంతటినీ కాచాలి. ఆవిరయ్యేది మాత్రం పైపొరే. అడుగున ఉన్న నీరు వేడెక్కి ఆ వేడిని తొట్టి గోడలకు, నేలకు పంచిపెడుతుంది. పొద్దున తొమ్మిది దాటినా పెట్టెలో చుక్క రాలకపోవడానికి కారణం ఇదే.

దీనికి విరుగుడు 2014లో అమెరికాలోని ఎంఐటీలో గాంగ్ చెన్ బృందం చూపించింది. కార్బన్ నురుగు పలక మీద పొరలు విచ్చిన గ్రాఫైట్ పరిచి నీటిపై తేలనిచ్చారు. పైనున్న నల్లటి పొర ఎండను మింగుతుంది, కిందున్న నురుగు ఆ వేడి నీళ్లలోకి దిగకుండా అడ్డుకుంటుంది, సన్నటి రంధ్రాల గుండా నీరు కొద్దికొద్దిగా పైకెక్కుతుంది. దీపం వత్తి నూనెను పీల్చినట్టు. మొత్తం నీటిని కాచే పని తప్పిపోయింది. పదింతలు కేంద్రీకరించిన ఎండలో ఆ పలక 85 శాతం వేడిని ఆవిరి చేయడానికే వాడింది.

నల్లగా ఉండాలి, తేలాలి, వేడిని కిందికి పోనివ్వకూడదు, నీటిని పైకి లాగాలి. ఈ నాలుగు గుణాలూ పుట్టుకతోనే ఉన్నది ఏదైనా ఉందా అని వెతికితే కనబడేది చెట్టే. వేరు నుంచి ఆకు దాకా నీటిని మోయడానికే దాని ఒళ్లంతా సన్నటి గొట్టాలు. నల్లరంగు ఒక్కటే తక్కువ, దాన్ని నిప్పు ఇస్తుంది. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో లియాంగ్‌బింగ్ హు బృందం 2017లో పైముఖం మాడ్చిన చెక్కతో ఈ పని చేసి చూపింది. అదే ఏడాది చైనాలో నాన్‌జింగ్ విశ్వవిద్యాలయంవాళ్లు పుట్టగొడుగుల్ని పట్టుకున్నారు. మామూలు ఎండలో పచ్చి పుట్టగొడుగు 62 శాతం, బొగ్గు చేసినది 78 శాతం సామర్థ్యం చూపింది. ఆ తర్వాత వరదే. తోటలో, వంటింట్లో దొరికే ప్రతిదాన్నీ ఎవరో ఒకరు మాడ్చి చూశారు.

నిజానికి ఈ దారిలో మనవాళ్లు ముందే నడిచారు. ఐఐటీ ఢిల్లీలో ఎం.ఎస్.సోధా, జి.ఎన్.తివారీ తదితరులు 1981లోనే నల్లరంగు వేసిన జనపనార గుడ్డను వాలుగా పరిచి, దాని ఒక అంచును ఉప్పునీళ్లలో ముంచి, తొట్టి లేకుండానే సోలార్ స్టిల్ నడిపారు. గోనెపట్టా కూడా మొక్క పదార్థమే. కాకపోతే అప్పట్లో దానికి ఇప్పుడున్నంత ప్రచారం లేదు.

ఇక్కడ దొరికేవాటిలో ఏది పనికొస్తుంది

రెండు జిల్లాల్లో కర్రకు కొదవలేదు. తీరం వెంట సరుగుడు తోటలు, లోపల సుబాబుల్, జామాయిల్, బీడు కనబడితే చిల్లకంప. అయితే సరుగుడు, చిల్లకంప గట్టి కర్రలు, బరువెక్కువ. తడిస్తే నీళ్లలో దాదాపు మునుగుతాయి, వేడినీ త్వరగా కిందికి దించేస్తాయి. ఈ పనికి కావలసింది పొయ్యిలోకి పనికిరాని కర్ర. బూరుగ, మునగ లాంటి మెత్తటి, తేలిక కర్రలు. ఇంకా నయం జీలుగు బెండు. పెళ్లి బాసికాలకు, పూలకు వాడే ఆ తెల్లటి బెండు గాలితో నిండిన గదుల ముద్ద కాబట్టి కింద వేడిని ఆపే పలకగా దానికి తిరుగులేదు.

చెక్కను తయారుచేయడం చెప్పుకున్నంత తేలికే గాని ఒక్కచోట జాగ్రత్త పడాలి. దుంగను నిలువుగా పలకలు కోస్తే నీరు అంత తేలిగ్గా పైకెక్కదు. అడ్డంగా బిళ్లలు కోయాలి, గొట్టాల నోళ్లు పైకీ కిందికీ తెరుచుకోవాలంటే అదే దారి. రెండు వేళ్ల మందం బిళ్లను ఎర్రగా కాలిన ఇనుప పెనం మీద ఒక ముఖం ఆనించి కాసేపు నొక్కి పట్టుకుంటే ముందు పసుపు పొగ లేస్తుంది, తర్వాత అంచులు నల్లబడతాయి. రెండు మూడు మిల్లీమీటర్ల లోతు బొగ్గయితే చాలు. తీసి చల్లార్చి, నల్ల ముఖం మీద ఒక చుక్క నీరు వేస్తే పరీక్ష అయిపోతుంది. చుక్క వెంటనే ఇంకిపోతే బిళ్ల మంచిది. పాదరసంలా గుండ్రంగా నిలబడితే ఆ బొగ్గు నీటిని రానివ్వదని లెక్క. కాల్చింది సరిపోకపోతే గోధుమరంగు మిగిలి ఎండలో కొంత వెనక్కి కొడుతుంది.

నెల్లూరు వరికి పేరు, వరి ఉన్నచోట ఊకకు లోటుండదు. రైస్ మిల్లు బాయిలర్ల వెనక గుట్టలుగా పోసే నల్ల బూడిదలో బొగ్గూ సిలికా రెండూ ఉంటాయి. పాత నూలు గుడ్డకు దాన్ని పట్టించి వాడుకోవచ్చు. చెక్క బిళ్లల కంటే ఇదే ఈ జిల్లాలకు సరిపోయే మార్గమనిపిస్తుంది. గుడ్డను ఏ కొలతకైనా కత్తిరించవచ్చు, ఉప్పు పడితే పిండి ఉతకవచ్చు, చిరిగితే పారేయవచ్చు. బీరపీచు కూడా మంచిదే, కానీ చదరపు మీటరు నింపాలంటే ఎన్ని కాయలు ముదరబెట్టాలో ఆలోచిస్తే ఉత్సాహం తగ్గుతుంది. చెరువుల్ని కమ్మేసే గుర్రపుడెక్క కాడలు ఎండితే బెండులాగే తేలికగా ఉంటాయి. మురుగు కాలువలో పెరిగినదైతే లోహాల్ని కూడా పీల్చుకుని ఉంటుంది కాబట్టి ఎక్కడిది అన్నది చూసుకోవాలి.

ఒక్కదానికి మాత్రం ఇక్కడ గట్టిగా వద్దనాలి. ఒంగోలు, టంగుటూరు, కందుకూరు చుట్టుపక్కల ఆకు తీసేశాక చేలో మిగిలే పొగాకు మోళ్లు ఊరికే దొరుకుతాయి, లోపల బెండు కూడా ఉంటుంది. చూడగానే ఎవరికైనా వాడాలనిపిస్తుంది. కానీ నికోటిన్ ఆవిరితో పాటు లేచే పదార్థం. పొగాకు నుంచి దాన్ని తీసే పాత పద్ధతుల్లో ఒకటి ఆవిరి పట్టడమే. సరిగా బొగ్గు కాని పొగాకు కాడను తాగే నీటి పెట్టెలో పెడితే ఉప్పు వెనక ఉండిపోతుంది, నికోటిన్ అద్దం ఎక్కి బాటిల్లోకి దిగుతుంది. స్థానికంగా దొరికే వ్యర్థం ఏదైనా వాడేయవచ్చన్న ఉత్సాహానికి ఇది అడ్డుకట్ట.

ఇదే చిక్కు చిన్న స్థాయిలో మిగతా కర్రలకూ ఉంది. కొత్త బిళ్లతో మొదటి రోజుల్లో వచ్చే నీటికి పొగ వాసన ఉంటుంది. కాల్చినప్పుడు పుట్టిన తేలిక పదార్థాలవి. బిళ్లలను ఉడకబెట్టి, ఎండలో ఆరబెట్టి, మొదటి కొన్ని రోజుల నీటిని పారబోయడం తప్పదు.

ఎనిమిది లీటర్ల గోడ

ఏ పదార్థం తెచ్చినా దాటలేని ఒక హద్దుంది. లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 0.67 యూనిట్ల వేడి కావాలి. కరెంటు బిల్లులో రాసే యూనిట్టే ఇది, కిలోవాట్ అవర్. కోస్తాలో చదరపు మీటరు నేల మీద ఏడాది సగటున రోజుకు 5 నుంచి 5.5 యూనిట్ల ఎండ పడుతుంది. అందులో ఒక్క శాతం వృథా కాకపోయినా వచ్చేది ఎనిమిది లీటర్ల చుట్టుపక్కలే. అద్దం కొంత ఎండను వెనక్కి కొడుతుంది, పెట్టె కొంత వేడిని పోగొడుతుంది, కాబట్టి బాగా చేసిన పెట్టెలో నాలుగైదు లీటర్లు వస్తే సంతోషించాలి.

మరి గంటకు రెండు కిలోలు, మూడు కిలోలు ఆవిరి అంటూ వచ్చే పరిశోధన ఫలితాల సంగతి? నిట్టనిలువు ఎండ చదరపు మీటరుకు వెయ్యి వాట్లు పడినా గంటకు ఒకటిన్నర కిలో లోపే రావాలి. అంతకు మించి చెప్పేవాటిలో చాలావరకు పొడవాటి ఆకారాలు. పైముఖం ఎండను తీసుకుంటుంది, నీడలో ఉన్న పక్క గోడలు గాలి నుంచి వేడి లాక్కుంటాయి. లెక్క మాత్రం పైముఖం వైశాల్యానికే కడతారు. అందులో మోసం లేదు, ఆరుబయట తక్కెడ మీద పెట్టి తూచినప్పుడు ఆ సంఖ్య నిజమే. అదే వస్తువును అద్దం పెట్టెలో మూసేస్తే గాలి కదలదు, తేమ నిండిపోతుంది, గాలి నుంచి అప్పుగా వచ్చే వేడి ఆగిపోతుంది. ఆవిరైన నీరు వేరు, చేతికొచ్చిన నీరు వేరు. ఈ రంగంలో వార్తల్ని చదివేటప్పుడు ముందు వెతకాల్సింది ఈ తేడానే. బరువు తగ్గుదలను కొలిచారా, సీసాలో పడ్డ నీటిని కొలిచారా?

చేతికి రావడం అంత తేలిక కాదు. అద్దం లోపలివైపు ఆవిరి చల్లబడి పలుచటి పొరలా పరుచుకుని వాలు వెంట జారాలి. అద్దానికి నూనె మరక ఉన్నా, అద్దం బదులు చవకని పాలిథీన్ కవరు కట్టినా నీరు పొరలా పరుచుకోదు, గింజలు గింజలుగా నిలుస్తుంది. ఆ గింజలు ఎండను చెదరగొడతాయి, బరువెక్కి తిన్నగా కింది ఉప్పునీళ్లలోకే రాలతాయి. వాలు తక్కువైతే ఇంకా ఎక్కువ రాలతాయి. మన అక్షాంశం 14, 15 డిగ్రీలు, ఎండ బాగా అందాలంటే ఏడాది పొడవునా వాలు దాదాపు అంతే ఉండాలి. చుక్క జారడానికి అది కొంచెం తక్కువే. పైగా మే నెల మధ్యాహ్నం అద్దమే కాలిపోతుంటే ఆవిరి ఎక్కడ చల్లబడాలి? మధ్యాహ్నం పైన సముద్రపు గాలి తిరిగితే తీరంలో కొంత మేలు, అద్దం వీపు చల్లబడుతుంది. కనిగిరిలో ఆ అదృష్టం లేదు.

ఇవేవీ నల్ల బిళ్ల తీర్చగల సమస్యలు కావు. గట్టి అద్దం, తుప్పు పట్టని ఫ్రేమ్, ఆవిరి బయటికి పోకుండా అంచుల్లో సీలింగ్, గాలివానకు లేచిపోకుండా బిగింపు, డబ్బంతా వీటికే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను నెల్లూరు తీరం పక్కగా వచ్చి బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి గాలికి ఇంటి మీద రేకులే నిలవవు.

ఉప్పు ఎక్కడికి పోవాలి

సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పులు. రోజుకు నాలుగు లీటర్లు తీస్తే 140 గ్రాములు వెనక మిగులుతాయి, నెలకు నాలుగు కిలోల పైనే. నీరు ఆవిరయ్యేది నల్లటి ముఖం మీద కాబట్టి ఉప్పు పేరుకునేదీ అక్కడే. తెల్లటి పొర కట్టిందంటే ఎండను మింగాల్సిన ముఖం దాన్ని వెనక్కి కొట్టే అద్దంలా మారిపోయినట్టే. ఆ తర్వాత వత్తి ఎంత మంచిదైనా ఒకటే.

దీనికి ప్రయోగశాలలు చెప్పే మందు రాత్రి. పొద్దుగూకాక ఆవిరి ఆగుతుంది, పైన పేరుకున్న ఉప్పు తడి వత్తి గుండా కరిగి కిందికి దిగిపోతుంది, తెల్లారేసరికి ముఖం మళ్లీ నల్లగా ఉంటుంది. మేరీల్యాండ్ బృందం 2019లో చెక్కలో మిల్లీమీటరు స్థాయి రంధ్రాలు వేసి, ఆ పెద్ద దారుల గుండా ఉప్పు ఎప్పటికప్పుడు వెనక్కి దిగేలా చేసింది. నూటికి 20 వంతుల ఉప్పు కలిపిన నీళ్లలో వంద గంటలకు పైగా అది ఆగకుండా పనిచేసింది. తెలివైన పని.

కానీ ఉప్పు కొఠారు తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న ఇంకొకటుంది. సముద్రపు నీరంటే వంటింటి ఉప్పు ఒక్కటే కాదు. కొఠారులో నీరు చిక్కబడే కొద్దీ ముందు సున్నం దిగుతుంది. మూడు నాలుగింతలు చిక్కబడేసరికి జిప్సం దిగడం మొదలవుతుంది. ఉప్పునీటి చిక్కదనాన్ని చెప్పే బామె కొలతలో 25 డిగ్రీలకు వచ్చాక గానీ అసలు ఉప్పు పూయదు. అందుకే నీటిని మడి నుంచి మడికి మార్చుకుంటూ, జిప్సాన్ని ముందు మడుల్లోనే వదిలించుకుంటారు. వత్తికి ఆ సౌకర్యం లేదు. అన్నీ ఒకేచోట, ఆ సన్నటి గొట్టాల నోటి దగ్గరే దిగాలి. ఉప్పు రాత్రికి కరుగుతుంది. సున్నం, జిప్సం అంత సులువుగా కరగవు, గొట్టాల్ని మూసేస్తాయి. షాపులో కొన్న సోడియం క్లోరైడ్‌ను నీళ్లలో కలిపి చేసిన పరీక్షల్లో ఈ బాధ బయటపడదు. కొత్తపట్నం నీళ్లతో ఒక సీజన్ నడిపితే బయటపడుతుంది.

చౌక పదార్థానికి అసలైన విలువ ఇక్కడ కనిపిస్తుంది. గ్రాఫైట్ నురుగు మూసుకుపోతే ఖర్చు. ఊక బొగ్గు పట్టించిన గుడ్డ మూసుకుపోతే తీసేసి ఇంకోటి పరుస్తారు. మొక్క పదార్థం గొప్పదనం ఎక్కువ ఆవిరి చేయడంలో లేదు, పారేసినా బాధ లేకపోవడంలో ఉంది. కుళ్లే గుణానికి కూడా అదే సమాధానం. ఉప్పునీళ్లలో నానే చెక్కకు, నారకు నాచు పడుతుంది, బూజు పడుతుంది. బొగ్గు ముఖం కొంతకాలం ఆపుతుంది, శాశ్వతంగా కాదు.

ఆర్వోతో పోలిస్తే

చదరపు మీటరు సోలార్ ప్యానెల్ ఇప్పుడు ఎండలో అయిదో వంతును కరెంటు చేస్తుంది, అంటే రోజుకు దాదాపు ఒక యూనిట్. సముద్రపు నీటిని శుద్ధి చేసే పెద్ద ఆర్వో ప్లాంట్లకు వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్లు చాలు. చిన్న ప్లాంటు నాసిరకంగా నడిచి పది యూనిట్లు తిన్నా ఆ ఒక్క యూనిట్‌తో వంద లీటర్లు వస్తాయి. అదే చదరపు మీటరు అద్దం పెట్టెకు నాలుగు లీటర్లు. చెన్నై పక్కన 2010లో మొదలైన మింజూరు ప్లాంటు సామర్థ్యం రోజుకు పది కోట్ల లీటర్లు. అంత నీటిని పెట్టెలతో తీయాలంటే ఆరు వేల ఎకరాలకు పైగా అద్దం పరచాలి. కృష్ణపట్నం పరిశ్రమలకో, ఒంగోలు పట్టణానికో ఈ పద్ధతిలో నీళ్లిస్తామని ఎవరైనా అంటే నమ్మాల్సిన పనిలేదు.

ఇంటి లెక్కా అంతే కఠినం. ఇరవై లీటర్ల క్యాన్ పది రూపాయలనుకుంటే చదరపు మీటరు పెట్టె రోజుకు రెండు రూపాయల నీళ్లిస్తుంది. మూడొందల ఎండరోజులకు ఆరొందలు. ఇరవై రూపాయల క్యాన్ అయితే పన్నెండొందలు. ఒక్క అద్దం పగిలితే ఆ ఏడాది సంపాదనలో పెద్ద భాగం పోయినట్టే.

అయినా దీన్ని పక్కన పెట్టేయడం తొందరపాటే. ఆర్వోకు కరెంటు కావాలి, ఫిల్టరు మార్చాలి, మెంబ్రేన్ మూసుకుపోతే మెకానిక్ రావాలి. ఊళ్లలో అట్టహాసంగా మొదలై మోటారు కాలిపోయాక తాళం పడ్డ ఆర్వో షెడ్లు కొత్తేమీ కాదు. పెట్టెకు ఆ టెన్షన్ లేదు, కదిలే భాగమే లేదు. బోరు నీరు ఎంత ఉప్పదైనా దానికి ఒకటే. రొయ్యల చెరువుల పక్కన బోర్లు ఉప్పదేలితే మామూలు ఊరి ఆర్వో మెంబ్రేన్ చేతులెత్తేసే స్థాయికి నీరు చేరవచ్చు, పెట్టె మాత్రం పట్టించుకోదు. ఇంకొక అనుకూలత కాలం. ఈ తీరానికి వానలో పెద్ద వాటా ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు మబ్బు పట్టి పెట్టె పడుకున్నా బావుల్లో నీళ్లుంటాయి. నీటికి కటకట వచ్చే ఏప్రిల్, మే నెలల్లో ఎండ దండిగా ఉంటుంది.

తీరం కంటే పడమర

సముద్రపు నీటి కోసం పుట్టిన ఈ పద్ధతి ఈ రెండు జిల్లాల్లో బాగా కుదిరే చోటు సముద్రానికి యాభై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉండొచ్చు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను (నీటిలోని ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) మొదట శాస్త్రీయంగా నమోదు చేసిన వ్యాసం 1937లో వచ్చింది. షార్ట్, పండిట్, రాఘవాచారి రాసిన ఆ వ్యాసం నెల్లూరు జిల్లా గురించే. అప్పటి నెల్లూరు అంటే పొదిలి, దర్శి, కనిగిరి కూడా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక అవి అందులో చేరాయి, రెండేళ్లకు జిల్లా పేరు ప్రకాశం అయింది. పేరు మారినా బోరు నీళ్లు మారలేదు. గారపట్టిన పళ్లు, వంగిన నడుములు ఆ మెట్ట ఊళ్లలో ఇప్పటికీ కనబడతాయి.

ఫ్లోరైడ్ ఆవిరితో పాటు లేవదు. ఈ బోరు నీళ్లు సాధారణంగా క్షార గుణం ఉన్నవి, అలాంటి నీటిలో అది ఉప్పు రూపంలోనే ఉండి వెనక మిగిలిపోతుంది. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదని, మరో దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణం. పెట్టె నీళ్లు ఆ హద్దుకు ఎంతో కింద ఉంటాయి. పైగా ఆ నీటిలో మొత్తం లవణాలు లీటరుకు రెండు గ్రాములనుకుంటే నాలుగు లీటర్లకు మిగిలేది ఎనిమిది గ్రాములు. సముద్రపు నీటికి 140. వత్తి మూసుకుపోయే బాధ అన్ని వంతులు తగ్గిపోతుంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లలో కాల్షియం తక్కువగా ఉండటం మామూలు, కాబట్టి జిప్సం, సున్నం బెడద కూడా తక్కువే. స్నానానికి, బట్టలకు బోరు నీళ్లే వాడుకుని, తాగడానికీ అన్నం వండటానికీ మాత్రం పెట్టె నీళ్లయితే మనిషికి రోజుకు నాలుగైదు లీటర్లు సరిపోతాయి. మనిషికో చదరపు మీటరు. పిల్లలున్న ఇల్లు, అంగన్‌వాడీ, బడి మధ్యాహ్న భోజనం, మొదలుపెట్టదగ్గ చోట్లు ఇవి.

అక్కడ కూడా రెండు జాగ్రత్తలు. ఊరి ఆర్వోవాళ్ల జేబులో ఉండే పెన్ను లాంటి టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాల) మీటరు ఫ్లోరైడ్‌ను విడిగా చూపదు, పొగ వాసన పదార్థాన్నీ చూపదు. అంకె తక్కువుంది కదా అని ఊరుకోకుండా అప్పుడప్పుడూ ల్యాబ్‌లో చూపించాలి. రెండోది, ఆవిరి పట్టిన నీటిలో ఖనిజాలుండవు, చప్పగా ఉంటుంది. రోజూ అదే తాగే పిల్లల తిండిలో పాలు, ఆకుకూరలు మామూలు కంటే ముఖ్యమవుతాయి. రుచి కోసమని బోరు నీళ్లే కొంచెం కలిపితే వదిలించుకున్న ఫ్లోరైడ్ తిరిగొస్తుంది, కాబట్టి ఆ పని లెక్క చూసుకునే చేయాలి.

ఎనిమిది లీటర్ల గోడను దాటే దారి ఒకటుంది. ఆవిరి చల్లబడేటప్పుడు అది మోసుకొచ్చిన వేడిని వదులుతుంది, అద్దం ఆ వేడిని గాలికి పారబోస్తుంది. అలా పోనివ్వకుండా ఆ వేడితోనే పక్కనున్న ఇంకో తడి గుడ్డను కాచితే మళ్లీ ఆవిరి, దాని వేడితో ఇంకొకటి. ఎంఐటీ, షాంఘై జియావో టోంగ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2020లో ఇలా పది అరలు పేర్చి చదరపు మీటరుకు గంటకు 5.78 లీటర్ల నీరు ఆవిరయ్యేలా చేశారు. అది ఆవిరి లెక్క, అందులో నాలుగింట మూడు వంతులకు పైగా చేతికొచ్చింది. ఆ అరల్లో నీటిని పీల్చే వత్తిగా వాళ్లు వాడింది పేపర్ టవల్. అంటే ఆ పనికి నూలు గుడ్డ చాలు, చీరాల మగ్గం మీద నేసిందైనా సరే. అరల మధ్య పలుచటి లోహపు రేకులు, ఒక్క చుక్క కలవని బిగింపు మాత్రం పనితనం అడుగుతాయి. రేకు సందుల్లో ఉప్పు చేరితే విప్పి కడగడం ఇంకో పని. బోరు నీళ్లకైతే ఆ కడగడం అరుదుగా పడుతుంది, సముద్రపు నీళ్లకైతే తరచూ.

ఏ కాలేజీ అయినా ఈ రెండు జిల్లాల్లో దీన్ని పరీక్షకు పెట్టదలిస్తే కొత్త మొక్కను వెతికి మాడ్చాల్సిన అవసరం కనబడదు. ఊక బొగ్గు గుడ్డ ఒకటే తీసుకుని, ఒక పెట్టె కొత్తపట్నంలో, ఇంకోటి కనిగిరి వైపు ఏదో ఊళ్లో మార్చి నుంచి జూన్ దాకా ఉంచితే చాలు. సాయంత్రం సాయంత్రం సీసాలో పడ్డ నీటిని కొలిచి రాయాలి, గుడ్డ ఎన్ని వారాలకు మార్చాల్సి వచ్చిందో రాయాలి, అద్దం తుడవడం ఇంట్లో ఎవరి పనిగా మారిందో కూడా రాయాలి. మిగిలిపోయే చిక్కటి నీళ్లకు చోటు ముందే చూసుకోవాలి. తీరంలో అది సముద్రంలోకే పోతుంది. మెట్ట ఊళ్లో ఆ నీటిలో ఫ్లోరైడ్ పేరుకుని ఉంటుంది, దాన్ని బావి గట్టున గానీ గొడ్లు తాగే తొట్టి పక్కన గానీ పారబోయకూడదు. సిమెంటు చేసిన చిన్న గుంటలో ఎండనిచ్చి, మిగిలిన పొడిని మూట కట్టి తీసేయాలి.